సీసా మీద రాసిన మాట

ఇటలీలో ఫ్రియూలీ కొండల్లోని ఆ ఊళ్ళో కొత్తగా హోటలు తెరిచిన డెనిస్, 'అవ్వల నాటి విందు' అని పేరు పెట్టి, వేలియానూ ఆమె తమ్ముడు తార్చీజియోనూ పిలిచాడు. ఊరి ముసలివాళ్ళు ఎదురుగా కూర్చుని తింటూ ఉంటే పట్నం నుంచి వచ్చిన అతిథులకు ముచ్చటగా ఉంటుందని అతని ఆలోచన.

జున్నూ బంగాళాదుంపలూ కలిపి ఎర్రగా కాల్చిన ఫ్రీకో వచ్చింది. పక్కన మొక్కజొన్న సంకటి. చిన్నప్పుడు మూడు పూటలా ఆ సంకటే తిని మొహం మొత్తిన వేలియాకు, దాన్ని చిన్న ముక్కగా కోసి పైన పువ్వు గుచ్చి తేవడం చూస్తే ఒళ్ళు మండింది. అయినా ఊరుకుంది. నీళ్ళ సీసా చూశాక మాత్రం చేయి ఆగిపోయింది. దాని మీద నీళ్ళకు వాళ్ళ ఫ్రియూలీ మాట రంగుల్లో రాసి ఉంది: 'ఆగె'.

తార్చీజియో ఆ సీసా ముట్టుకోలేదు.

బడిలో చేరిన కొత్తలో దాహమేసి అతను నీళ్ళు అడిగింది ఆ మాటతోనే. "ఇటాలియన్‌లో అడుగు," అంది పంతులమ్మ. పిల్లవాడికి రాదు. వచ్చేదాకా గోడవైపు తిరిగి నిలబడమంది. బడి వదిలాక వేలియా చేయి పట్టుకుని తీసుకొస్తుంటే పెదాలు ఎండి, మాట రాక వెక్కుతున్నాడు. అప్పట్నుంచి బయటివాళ్ళ ముందు నోరు విప్పడమే మానేశాడు.

"అవ్వా, మన పాత భాషలో రెండు ముక్కలు చెప్పండి, అందరూ సరదాపడతారు!" అన్నాడు డెనిస్.

వేలియా లేచింది. బడిలో జరిగిందంతా ఫ్రియూలీలోనే చెప్పింది. అతిథులకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఫోన్లు పైకెత్తి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంటూ చప్పట్లు కొట్టారు.

"దేనికి ఆ చప్పట్లు? దేనికీ అని!" అంటూ అదంతా మళ్ళీ ఇటాలియన్‌లో చెప్పింది. ఎత్తిన ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి.

"ఎప్పటి సంగతులో కదా అవ్వా," అని డెనిస్ ఇబ్బందిగా నవ్వాడు. "తినేటప్పుడు ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఎప్పటివో అయితే సీసా మీదెందుకు రాశావురా? మా నోట్లోంచి లాగేసిన మాట నీ బల్ల మీద సోకుకా?"

తార్చీజియో ఆమె చేయి లాగి చెవిలో అన్నాడు, "కూచో అక్కా, ఫ్రీకో చల్లారిపోతోంది."

ఆమెకు తమ్ముడి మీద కూడా కోపం వచ్చింది. "నువ్వే తిను!" అని కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. అతను నిదానంగా తినే వచ్చాడు. ఇంటికొచ్చాక, బాగుందని కూడా అన్నాడు.

మర్నాడు డెనిస్ పూలగుత్తితో వచ్చాడు. తప్పయిందని చెప్పుకోవడానికేమో అనుకుని వేలియా తలుపు తీసింది.

"నిన్న కొందరు కళ్ళు తుడుచుకున్నారవ్వా! ప్రతి శనివారం వచ్చి చెప్పకూడదూ? ముందు మన భాషలో, తర్వాత ఇటాలియన్‌లో. తార్చీజియో తాతగారు పక్కనుంటే చాలు, ఏం మాట్లాడక్కర్లేదు."

"ఛీ, పో!" అని ఆమె తలుపు అతని మొహాన వేసింది.

"ఎవరక్కా?" అని లోపల్నుంచి తార్చీజియో అడిగాడు. ఆమె తలుపు గడియ బిగించింది.