సగంలో ఆగే స్నానం

"పైన ధార లేదండీ," అని మా ఆవిడ స్నానాలగదిలోంచి కేకేసింది. తలుపు ఇవతల పేపరు చదువుతున్న నాకు అది "పైన దొర లేడండీ" అని వినిపించింది.

"ఏ దొర?" అన్నాను.

తువ్వాలు చుట్టుకుని, తలనిండా నురగతో బయటికొచ్చింది. "ధార, మహానుభావా, ధార. ఆ పెట్టె మళ్ళీ ఆరిపోయింది. మీరు పేపరు చదువుకోండి."

పెట్టె అంటే గోడకు బిగించిన కరెంటు షవరు. నీళ్ళు అందులోంచి పోతూ పోతూనే వేడెక్కుతాయి. ధార సన్నబడితే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. మేము ఈ ఇంట్లో దిగి పదిరోజులు. ఆవిరి లేనిదే ఆవిడకు స్నానం కాదు. నీటికి పీడనం తగ్గి, నాకు పీడ పెరిగింది. షవరు తల విప్పి సున్నపు పొక్కులు గీకాను, గొట్టం మెలికలు తీశాను. రెండు నిమిషాలు ధార, ఆ తరవాత దారం.

అప్పటిదాకా నవ్వులాటే. మా ఆవిడ వేళలు మార్చి చూసింది. తెల్లవారి ఆరింటికి, తొమ్మిదింటికి, ఆఖరికి మధ్యాహ్నం మూడింటికి. ఎప్పుడు మొదలుపెట్టినా రెండే నిమిషాలు. వంటింటి కుళాయి ఎంతసేపు వదిలినా ఏమీ కాదు. షవరు పెట్టె గుయ్యిమంటేనే అవుతుంది. ధార సన్నబడే ముందు నెత్తిమీద ఏదో బరువును ఈడ్చిన చప్పుడు. పైభాగానికి మేం చేరిననాటినుంచీ తాళమే. కిటికీలు తెరవగా చూడలేదు. "పైవాళ్ళ గొడవ మీకుండదు" అని ఇల్లుగలావిడ ముందే చెప్పింది.

"నేనాపితే అదీ ఆగుతోందండీ," అంది మా ఆవిడ, గొట్టానికి చెవి ఆనించి. నేనూ ఆనించాను. మా షవరు కట్టేశాక ఒక్క క్షణం గోడలో నీళ్ళు నడిచాయి. తరవాత అవీ నిలబడిపోయాయి, మేమేం చేస్తామో వింటున్నట్టు. పైనుంచి జల్లు రాలేదు గానీ నా ఒళ్ళు ఝల్లుమంది.

"నేను లోపలున్నట్టు దానికి తెలుస్తోంది. ఆదివారం లోపు తేల్చండి, లేదంటే మా అక్కయ్య ఇంటికి పోతా. ఇల్లు మీరూ మీ దొరా ఏలుకోండి."

శనివారం ప్లంబరు వచ్చాడు. గొట్టానికి నీటి ఒత్తిడి చూపే గుండ్రటి మీటరు బిగించి షవరు తిప్పమన్నాడు. పెట్టె గుయ్యిమంది. ముల్లు కదల్లేదు. పైన ఈడ్పు చప్పుడు. ముల్లు మెల్లగా జారి సగానికి పడింది. పెట్టెమీద ఎర్రదీపం ఆరిపోయింది.

"ఇది పైవాడి పని సార్."

"దేవుడికి మా షవరుతో పనేంటయ్యా?"

"ఆ పైవాడు కాదు, మీ పైవాడు. రెండిళ్ళకీ ఒకటే గొట్టం. పైన ఎవరో కుళాయి తిప్పారు. మీ నీళ్ళు కట్టెయ్యకండి, పదండి."

ఇంటి వెనక, మేమెన్నడూ తొంగిచూడని సందులో, ఇనుప మెట్లున్నాయి. ముగ్గురం ఎక్కాం. తలుపు బార్లా తీసి ఉంది. లోపల స్నానాలగది తలుపూ తీసే ఉంది. తువ్వాలు కట్టుకున్న ముసలాయన స్టూలుమీద కూర్చుని, ఒంటినిండా సబ్బుతో, మావైపు చూశాడు. ఉలిక్కిపడలేదు.

"నేను పడలేదమ్మా," అన్నాడు. "పడ్డట్టు వినిపించిందా?"

మా ఆవిడ గోడ పట్టుకుంది.

"నా భార్య ఈ గదిలోనే జారిపడింది. పొద్దున్నపూట. నేను షాపులో ఉన్నా, కింద ఎవరూ లేరు. సాయంత్రందాకా ఎవరికీ తెలీలేదు. అందుకే కింద మనుషులున్నారని తెలిస్తేగానీ నేను నీళ్ళు పోసుకోను. మీ పెట్టె మోగగానే స్టూలు ఈడ్చుకుంటూ వస్తా. మీ నీళ్ళ చప్పుడు ఆగితే, వెళ్ళిపోయారేమోనని నేనూ ఆపేస్తా. మీరు మళ్ళీ మొదలుపెట్టేదాకా సబ్బుతోనే కూర్చుంటా."

"మరి ముందు తలుపుకి తాళమేంటి?" అని ప్లంబరు అడిగాడు.

"అటు మెట్లు నునుపు నాయనా, జారతాయి." ఆయన మా ఆవిడవైపు తిరిగాడు. "నిన్న మూడుసార్లు కూర్చున్నా. ఇంత స్నానాల పిచ్చేంటమ్మా నీకు?"

మా ఆవిడ గోడ వదిలింది. తరవాత వెళ్ళి గుమ్మం బయట మెట్టుమీద కూర్చుంది.

"మీరు కానివ్వండి బాబాయిగారూ. నేనిక్కడే ఉన్నా."

"రేపు మీ అక్కయ్య ఇంటికి..." అని నేను నెమ్మదిగా కదిపాను.

"ముందు కిందికెళ్ళి ఆ షవరు కట్టేసి, ఈయనకి ధార రానివ్వండి," అంది. "ఆయన ఒంటిమీద సబ్బు ఎండిపోతోంది."