పోవడమే నా ఉద్యోగం

నేను ఒక ఫ్యూజు బోర్డుని. "పాత" అనే మాట మీ నోటిదాకా వచ్చిందని తెలుసు. మింగేయండి.

టేకు చెక్క ఒళ్లు, ఇనప మెయిన్ స్విచ్చు, వరసగా ఆరు తెల్లటి పింగాణీ ఫ్యూజులు. రాజమండ్రిలో ఒక చిన్న కార్ఖానాలో నన్ను బిగించిన మేస్త్రి చివరి మర తిప్పి, "నీకు ఒకటే పని. కరెంటు ఎక్కువైతే ముందు నువ్వు పోవాలి, ఇల్లు కాదు" అన్నాడు. పుట్టీ పుట్టగానే "పోవాలి" అనిపించుకున్న ప్రాణిని ఇంకెక్కడైనా చూశారా? నేను మాత్రం దాన్ని దీవెనగానే తీసుకున్నాను.

మండపేటలో సత్తిరాజు మాస్టారి వసారా గోడకి ఎక్కాను. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అంతే నా సంసారం. ఎప్పుడైనా నాలో తీగ కాలి ఇల్లు చీకటైతే మాస్టారు నన్ను తిట్టేవారు కాదు. ఎందుకు పోయిందో తెలుసుకోకుండా మళ్లీ వెయ్యకూడదని ఒక్కో బల్బూ విప్పి చూసి, తప్పెక్కడుందో పట్టుకుని, అప్పుడు సన్నటి ఫ్యూజు తీగ చుట్టేవారు. దసరాకి గంధం బొట్టు కూడా పెట్టేవారు. షాకు కొడుతుందేమోనని వేలితో కాక పుల్లతో పెట్టేవారనుకోండి. భక్తి భక్తే, భయం భయమే.

ఆయన తరవాత కొడుకు త్రిమూర్తులు చేతికి వచ్చాను. రైసు మిల్లులో గుమాస్తా. మనిషి మంచివాడే, ఓపికే బొత్తిగా లేదు. ఇంట్లోకి ఫ్రిజ్జు వచ్చింది, గీజరు వచ్చింది, ఏసీ వచ్చింది. నన్ను ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఆపైన ఆయన భార్య హైమావతి వసారాలో రెండు పెద్ద గ్రైండర్లు దింపి, ఇడ్లీ పిండీ దోసె పిండీ రుబ్బి ఊళ్లో టిఫిన్ హోటళ్లకి వెయ్యడం మొదలుపెట్టింది. నిజానికి ఆ సంసారం నడుస్తున్నది ఆ పిండి మీదే. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

బరువెక్కింది. నేను పోయాను. మళ్లీ పోయాను. అది త్రిమూర్తులుకి నా చేతకానితనంలా కనిపించింది.

"దీని మొహం మండ! మళ్లీ పోయింది" అంటూ పాత టేబుల్ ఫ్యాను వైరు ఒలిచి, ఫ్యూజు తీగ బదులు రాగి పోగు చుట్టాడు. కొన్నాళ్లకి రెండు పోగులు. చివరికి నాలుగు మెలేసి బిగించి, చేతులు దులుపుకుని, "ఇంక దీని బాబు కూడా పోడు" అన్నాడు పెళ్లాంతో.

నిజమే, పోలేదు. నోట్లో గుడ్డ కుక్కాక ఎవరు మాత్రం అరుస్తారు? అరవడం లేదు గనక అంతా క్షేమమే అనుకునే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. గోడ లోపల ముసలి వైర్లు ఉడికిపోతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. అంతటి అవమానం నాకు ఎన్నడూ జరగలేదు.

ఆ చలికాలం ఇంట్లో ఒక వింత జరిగింది. వసారా గోడకి ఆనించి పెట్టిన పాలు గడ్డలా తోడుకోసాగాయి. పుష్యమాసంలో! "నీ చేతి మహిమే హైమా" అంటూ త్రిమూర్తులు మారు పెరుగు వేసుకున్నాడు. ఆవిడ మురిసిపోయేదే. కానీ కాలేజీలో ఫిజిక్సు చదివిన మనిషి, పొగడ్తని కూడా ఒకసారి తడిమి చూస్తుంది. గిన్నె పక్కకి జరిపి గోడ మీద అరచెయ్యి పెట్టింది. గోడకి జ్వరం.

మర్నాడు మొగుడు మిల్లుకి వెళ్లగానే ఎలక్ట్రీషియన్ జిలానీని పిలిపించింది. అతను మెయిన్ దించి, నా ఫ్యూజు ఒకటి ఊడబీకి చూసి నోరు తెరిచాడు.

"ఇదెవరు కట్టారండి, అమ్మగారూ?"

"మా ఇంటి ఇంజినీరుగారు."

"ఆయ్, ఇది ఫ్యూజు కాదండి, మోకు! ఏనుగుని కట్టెయ్యొచ్చు. గోడలో వైరు అంటుకున్నా ఇది మాత్రం పోదండి. బోర్డూ వైర్లూ మొత్తం మార్చెయ్యాలి."

"ఆయన ఒప్పుకోరు. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదంటారు." ఆవిడ మళ్లీ గోడ తడిమి చూసింది. "జిలానీ, ముందు ఈ మోకు తీసేసి ఆ వైరుకి తగ్గ సన్న తీగ వెయ్యి. ఆయనకి మాత్రం చెప్పకు."

నా నోట్లో గుడ్డ తీశారు. ఇక చూడండి నా ప్రతాపం! సోమవారం గీజరుకి పోయాను. మంగళవారం ఇస్త్రీ పెట్టెకి పోయాను. బుధవారం త్రిమూర్తులు ఒంటినిండా సబ్బు రాసుకుని ఉండగా పోయాను. అందులో కాస్త కక్ష కూడా ఉందని ఒప్పుకుంటాను. పోయినప్పుడల్లా ఆయనకంటే ముందే హైమావతి వచ్చి, మెయిన్ దించి, సన్న తీగే చుట్టి వెళ్లేది. ఆదివారం మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లో, చలికాలంలోనూ ఆపని ఏసీ, టీవీ, సంక్రాంతి ఆర్డరు రుబ్బుతున్న రెండు గ్రైండర్లు కలిసి తిరుగుతుండగా ఠప్పున పోయాను. జన్మలో అంత అందంగా ఎప్పుడూ పోలేదు.

త్రిమూర్తులు రాగి పోగులు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. హైమావతి పిండి చేతులతో వచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకోవే! ఇంకా రెండు బంతులే ఉన్నాయి!"

"అవి చుడితే ఈ ఇల్లు ఇంకెన్ని బంతులు ఉంటుందో చెప్పండి."

"ఇన్నేళ్లుగా ఏమైందే?"

"ఏమీ కాకుండా కాసింది ఇదేనండి. మీరు దాని గొంతు నొక్కారు. మీరు మారు వేసుకున్న పెరుగు నా చేతి మహిమ కాదు, మీ రాగి మహిమ. లోపల వైర్లు కాలి గోడ వేడెక్కి తోడుకుంది. అంటుకుంటే గ్రైండర్లు పోతాయి, నా పని పోతుంది, మనమూ పోతాం. అయినా పరవాలేదంటే చుట్టండి."

అని నిజంగానే పక్కకి తప్పుకుంది.

త్రిమూర్తులు నా వంక చూశాడు. తిట్టకుండా చూడటం అదే మొదటిసారి. గోడ తడిమాడు. పెళ్లాం మొహం చూశాడు.

"పుష్యమాసంలో పెరుగు అంత గడ్డగా తోడుకున్నప్పుడే అనుమానించాల్సింది" అని గొణిగి, జిలానీకి తనే ఫోను చేశాడు. మ్యాచ్ ఎవరు గెలిచారో ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

వారంలో గోడలన్నిటికీ కొత్త వైర్లు, గ్రైండర్లకి విడిగా ఒక లైను, నా చోట తెల్ల డబ్బాలో వరసగా మీటలు. కరెంటు ఎక్కువైతే అవే టక్కున పడిపోతాయట. తీగ చుట్టే చోటే ఉండదట. త్రిమూర్తులు లాంటివాళ్లు ఉంటారని ముందే ఊహించిన బుర్ర ఎవరిదో గాని, శభాష్.

"దీని రోజులు అయిపోయాయండి" అన్నాడు జిలానీ నన్ను గోడ మీంచి దించుతూ. తప్పు జిలానీ. నన్నెవరూ ఓడించలేదు. వారం రోజులు వరసగా పోయి మరీ ఆ కొత్తవాణ్ణి నేనే తెప్పించాను.

ఇప్పుడు పాత ఇనప కొట్టులో ఉన్నాను. కొట్టువాడు నా ఇనుము ఇనుములోకి, ఇత్తడి ఇత్తడిలోకి విడదీశాడు. పింగాణీకి ధర రాదని అవతలికి విసిరాడు. విసురు నాయనా, విసురు. కాని మండపేటలో కాలిపోవాల్సిన ఒక ఇల్లు కాలిపోలేదు. అందులో రెండు గ్రైండర్లు ఈ క్షణాన కూడా తిరుగుతున్నాయి. ఆ బరువు నీ కాటాలో ఎలా తూస్తావో చెప్పు. అప్పుడు అను నన్ను తుక్కు అని.