పావుగంట తేలనివ్వాలి

ఉప్పు వెయ్యాలా వద్దా అన్న తగువు మూడో రోజుకి వస్తుంది. వేస్తే చేపలు బతుకుతాయంటాడు భానోజీరావు. వేస్తే మొక్కలు కుళ్ళిపోతాయి, మొక్కలు కుళ్ళితే నీళ్ళు చెడతాయి, బతికిన చేపలు కూడా అప్పుడు పోతాయంటుంది హైమవతి. మొగుడూ పెళ్ళాల మధ్య అద్దాల తొట్టె. అందులో పచ్చటి మొక్కల చాటున చేపలు రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. వాటి రెక్కల మీద బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. ఈ జబ్బు రావడం ఏడాదిలో ఇది ఐదోసారి.

ఈసారి చుక్కలు కూతురు తరళ మోచేతి మీద కూడా ఉన్నాయి.

తరళకి పదేళ్ళు. హోంవర్కు చేసుకుంటూ మోచేతిని గోడకేసి రుద్దుతోంది.

"దురదగా ఉందా అమ్మా?" అంటుంది హైమవతి.

"లేదు. రుద్దుకోవాలనిపిస్తోంది, అంతే."

భానోజీరావు మేకుకున్న స్కూటరు తాళం తీస్తాడు. "షాపుకెళ్ళొస్తాను. ఇలాంటిదే ఉందేమో చూస్తాను."

"ఏది?"

"పిల్ల."

ఇలాంటిదే అన్న మాట నిజానికి హైమవతిది. మొదటి చేప చచ్చినప్పుడు తరళ బడికెళ్ళి ఉంది. "పిల్ల చూస్తే ఏడుస్తుంది. అది వచ్చేలోగా అలాంటిదే ఇంకోటి తెచ్చి పడెయ్యండి" అంది. ఆయన తెచ్చాడు. రబ్బరుబ్యాండు వేసిన కవరుని పావుగంట తొట్టెలో తేలనిచ్చి, కొత్తది ఆ నీళ్ళ వేడికి అలవాటు పడ్డాక వదిలాడు. చచ్చినదాన్ని తను గుమ్మం పక్క కరివేపాకు గోలెంలో పాతింది. తరళ వచ్చింది, తొట్టె చూసింది, ఉప్మా తింది. ఎవరూ ఏడవలేదు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో అదే పద్ధతి.

ఎండాకాలంలో అత్తగారికి చుక్కలు వచ్చినప్పుడు కూడా అదే పద్ధతి. స్కూటరు మీంచి దిగిన కొత్తావిడని భానోజీరావు పావుగంట అరుగు మీద కూచోబెట్టి, తర్వాత లోపలికి తెచ్చాడు. అదే కళ్ళజోడు, గడ్డం మీద అదే పుట్టుమచ్చ. పాతావిడ రోజూ "ఏటే, మజ్జిగలో ఉప్పేసినావా నేదా?" అని దెబ్బలాడేది. ఈవిడ చప్పటి మజ్జిగ తాగి "బాగుందమ్మా" అంటుంది. పాతావిడ ఏమైందని హైమవతి అడగలేదు. ఆ వారం కరివేపాకు మాత్రం గుబురుగా చిగిర్చింది.

"ఆగండి." హైమవతి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. "కొత్తది తెచ్చినప్పుడల్లా నెల్లాళ్ళు వేరే తొట్టెలో ఉంచి చూడమన్నాడు కదా షాపాయన. ఒక్కసారైనా ఉంచామా? ఆ తొట్టెలో ఉల్లిపాయలు పోసుకున్నాం. జబ్బు వచ్చేది కొత్తవాటితోనే."

"ఒక్క పిల్లే కదా, ఏటవుతాది?"

"ఒక్క చేపే కదా అని కూడా మీరే అన్నారు."

ఆయన తాళం అరచేతిలో తిప్పుకుంటాడు. "ఈమధ్య చేపలేవీ తేలేదు. అమ్మ వచ్చి ఆరు నెలలు దాటింది. మరి జబ్బెలాగొచ్చిందంటావ్?"

"అయితే ఆఖర్న వచ్చిందెవరు?"

మంచం మీంచి అత్తగారు మెత్తగా, "పిల్లనడుగమ్మా" అంటుంది.

"నువ్వే అమ్మా," అంటుంది తరళ, లెక్క చేస్తూనే. "దసరా సెలవుల్లో వచ్చావు. అరుగు మీద కూచున్నావు. కిటికీలోంచి చూశాను. ముందరమ్మ జడ బిగించి వేసేది. నువ్వు వేస్తే మధ్యాహ్నానికే జారిపోతోంది."

హైమవతి మణికట్టు చూసుకుంటుంది. గాజుల ఒరిపిడి అనుకుంటున్న గీత చేతి చుట్టూ పూర్తిగా తిరిగి ఉంది, రబ్బరుబ్యాండంత సన్నంగా. మొదటి చేపని తను పాతిందో, పాతారని ఎవరైనా చెప్తే విందో, ఇప్పుడు తేల్చుకోలేకపోతోంది.

"మరి నువ్వు ఏడవలేదేమే?"

"నేను ఏడవకూడదనే కదా నిన్ను తెచ్చారు."

హైమవతి వంటింట్లోకెళ్ళి, రెండో తొట్టెలోని ఉల్లిపాయలు నేల మీద కుమ్మరిస్తుంది. పొట్టు తుడుస్తుంది. తొట్టెని ముందుగదిలోకి ఈడ్చుకొచ్చి, నిన్నటి నుంచి పట్టి ఉంచిన నీళ్ళు బకెట్లతో పోస్తుంది. అది మోకాలెత్తు తొట్టె. ఆమె ఒక కాలు పెట్టగానే నడుమెత్తు అవుతుంది. రెండో కాలు పెడితే భుజాల దాకా వస్తుంది.

"అందరూ వినండి," అంటుంది, గొంతు పెంచకుండా. జబ్బు చేపలు కూడా రాళ్ళు వదిలి అద్దం దగ్గరికొచ్చి వరసగా నిలబడతాయి. "ఇంక ఈ ఇంట్లోకి కొత్తవాళ్ళెవరూ రారు. తరళ ఇక్కడే ఉంటుంది. తొట్టెలో వేడి, ఇంట్లో వేడి ముప్ఫై డిగ్రీలకి పెంచండి, చుక్కలు రాలిపోతాయి. ఉప్పు వద్దు. కొత్తగా వచ్చిందాన్ని నేను కాబట్టి నెల్లాళ్ళు వేరే ఉంటాను. ఈలోగా ఎవరైనా పోతే పోయారనే చెప్పుకుందాం. ఏడుద్దాం."

భానోజీరావు తాళాన్ని తిరిగి మేకుకి తగిలిస్తాడు.

హైమవతి మునుగుతుంది. ఉల్లివాసన నీళ్ళలోంచి, తెరిచి ఉన్న గుమ్మం కనిపిస్తోంది. గుమ్మం పక్క కరివేపాకు గోలెంలో మట్టి పగులుతోంది. ముందు ఒక చెయ్యి వస్తుంది. తన చేతికున్నలాంటివే ఎర్ర మట్టిగాజులు. తర్వాత తన ముఖమే, కనుబొమల నిండా కరివేపాకు వేర్లతో. మట్టి లోపల్నుంచి ముసలి గొంతు "ఏటే, నన్ను కూడా పైకి నాగు" అని కసురుతోంది.

పైకొచ్చినామె మట్టి దులుపుకుని, ఒళ్ళో దువ్వెన పెట్టుకుని అరుగు మీద కూచుంటుంది.

"పిల్ల జడ నేను వేస్తాలే," అంటుంది తొట్టె అద్దంలోకి చూసి. "పావుగంట ఆగి లోపలికొస్తాను."

తరళ పుస్తకం మూసి ఏడవడం మొదలుపెడుతుంది.