వకీలు వెనుక మంద

కొండ గుహను వెలసి కోరినవారికి
నండ నిలుచునట్టి యాదిదేవ!
పలుకు తడబడకను పాలించు నరసింహ!
నవ్వు కథను చెప్ప నడుపుమయ్య!

యాదగిరి గుహలో కొలువైన నరసింహస్వామికి మొక్కి, పక్కనే కూర్చుండి ఆయన కోపాన్ని చల్లార్చే లక్ష్మీదేవికి మరొకసారి మొక్కి, కథలోకి వెళదాం. అమ్మవారికి అదనంగా ఎందుకు మొక్కవలసి వచ్చిందో వినేవారికే తెలుస్తుంది.

నల్గొండకు పడమటనున్న ఒక పల్లెలో జానయ్య అనే కురుమ పెద్ద ఉండేవాడు. పొట్టేలును ఎంచడంలో అతనికి గొప్ప పేరు. అంగడిలో జీవాలను కొనేవారు అతనిని వెంట తీసుకుపోయేవారు. అతడు పళ్ళు చూడడు, కొమ్ములు తడమడు. గొంగడి పరచుకొని దూరంగా కూర్చుంటాడు. ఏది కదిలితే మంద కదులుతుందో, ఏది ఆగితే మంద ఆగుతుందో చూసి, "గదే" అని వేలు చూపిస్తాడు. ఆ వేలు తప్పిందని ఎవ్వరూ అనలేదు. కాలక్రమంలో జానయ్యకు దేవుని మీద ఎంత భక్తి ఉన్నదో తన కంటి మీద అంత భక్తి కుదిరింది.

అటువంటి జానయ్యకు ఒక కష్టం వచ్చింది. అతని గొర్రెల దొడ్డికి, వాగుకు నడుమ నరసింహ అనే రైతు మెట్టభూమి, ఒక చెలక, ఉన్నది. నరసింహ తండ్రి బతికిన నాటి నుండి జానయ్య మంద ఆ చెలక మీదుగానే నీళ్ళకు దిగేది. ఇప్పుడు నరసింహ పట్నంలో ఇల్లు కట్టుకోదలచి ఆ చెలకను అమ్మకానికి పెట్టాడు. ప్లాట్లు చేసి అమ్మేవారు కారులో వచ్చి చూసిపోయారు. వారు కొంటే మొదట పాతేవి రాతి కడీలు, ఆ వెంటనే చుట్టేది కంచె. అప్పుడు మంద గుట్టంతా చుట్టి వాగుకు చేరాలి. ఎండాకాలంలో ఈనిన గొర్రెలకు ఆ నడక ప్రాణాంతకం.

"మామా, ముందుగాల నీకే ఇస్తనన్న. గా మాట మీదనే ఉన్న. గని నెలాఖరు దాకనే ఆగుత. గా ప్లాట్లోల్లు పొద్దుమాపు ఫోన్లు చేస్తుండ్రు" అన్నాడు నరసింహ, పాసుబుక్కు, పాత దస్తావేజుల జిరాక్సులు జానయ్య చేతిలో పెడుతూ.

"ఊకె కొనకు. మంచి వకీలుకు చూపిచ్చి కొను. రేపు ఎవడన్న వచ్చి గీ జాగా నాదంటే మంద నోట్లె మన్నే" అన్నది జానయ్య ఇల్లాలు సత్తమ్మ.

"వకీలును ఎంచుడు నాకు చెప్తున్నవానే? పొట్టేలును ఎంచినోనికి వకీలు ఒక లెక్కనా?"

మరునాడు ఇద్దరూ బస్సెక్కి నల్గొండ కోర్టుకు వెళ్ళారు. టైపు మిషన్ల షెడ్డు నీడలో జానయ్య గొంగడి పరచి, అంగడిలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. నల్లకోట్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకరు ఒంటరిగా పోతున్నారు. మరొకరు ఫోనుతో మాట్లాడుతూ పోతున్నారు. జానయ్య పెదవి విరుస్తున్నాడు.

అంతలో గేటు లోపలికి పురుషోత్తం వకీలు వేంచేశాడు. వేంచేశాడు అనడమే ఉచితం. ఆయన వెనుక ఒక జనసమూహం. ముసలివారు, నడివయసువారు, సంచులు మోసేవారు, గొడుగులు పట్టేవారు. ఆయన ఆగితే అందరూ ఆగారు. చాయ్ బండి వైపు తిరిగితే అందరూ తిరిగారు. ఆయన తుమ్మితే వెనుకనుండి ఇద్దరు ముగ్గురు కూడా తుమ్మారు.

జానయ్య లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గదే!" అన్నాడు.

"మనిషిని పట్టుకొని గదే అంటవేందయ్యా? ఎవలన్న ఇంటరు" అని సత్తమ్మ చెయ్యి లాగింది.

"నువ్వు ఊకోయే. మా కులదేవుడు బీరప్ప మీద ఒట్టు, ఇసొంటి నడక నేను పుట్టినంక చూడలే."

అతడు పరుగున పోయి వకీలు ముందర చేతులు జోడించాడు. వకీలు కాగితాలు అందుకొని, చూడకుండానే సంకలో పెట్టుకున్నాడు. "చూద్దాం, పెద్దమనిషీ. నా ఎన్కనే ఉండు" అన్నాడు.

జానయ్య వెనుకనే ఉన్నాడు. ఆ రోజూ, తరువాతి రోజుల్లోనూ. ఉదయమే బస్సుకు పోవడం, వకీలు వెంట కోర్టు హాలు నుండి చాయ్ బండికీ, చాయ్ బండి నుండి కోర్టు హాలుకూ నడవడం, సాయంత్రం ఇంటికి రావడం. ఎన్నో మందలను తోలిన మనిషి తానే మందలో ఒక జీవమైపోయాడు. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుస్తూనే ఉన్నది.

నెలాఖరు దగ్గర పడింది. సత్తమ్మ మళ్ళీ వెంట బయలుదేరింది. భర్త మందలో కలిసి వెళ్ళగానే, ఆమె షెడ్డు నీడలో కూర్చుని, మోకాళ్ళ నొప్పితో వెనుకబడిన ఒక పెద్దాయనను పలకరించింది. ఆయన పేరు ఫక్రుద్దీన్. తన దుకాణం మల్గి తగాదా మీద తిరుగుతున్న గాజుల వ్యాపారి.

"సాయబన్నా, గీ సారు ఎన్క ఎప్పటిసంది తిరుగుతున్నవే?"

"ఏం చెప్పాలె చెల్లె! నేను గీయన ఎన్క తిరుగుడు షురూ చేసినప్పుడు మా బిడ్డ ఉజ్మా పలక పట్టుకొని బడికి పోతుండె. గిప్పుడు ఆమె కొడుకు పోతుండు."

"అయ్యో! మరి వకీలును మార్చుకోవద్దా?"

"ఎట్ల మారుస్త? దోస్తులందరు గీడనే అయిండ్రు" అని ఫక్రుద్దీన్ నిట్టూర్చి, మంద మలుపు తిరుగుతుండటం చూసి, "జర ఆగుండ్రి భాయ్!" అంటూ కుంటుకుంటూ పోయాడు.

సత్తమ్మ అక్కడి నుండి కదలకుండా మరొక వైపు చూసింది. ఎదుటి వరుసలో ఉమారాణి అనే న్యాయవాది గది. బయట బల్ల ఖాళీ. ఒకామె లోపలికి పోయింది, కాసేపటికి నవ్వుతూ వచ్చి ఆటో ఎక్కింది. ఒక రైతు పోయాడు, వచ్చాడు, కాగితాలు మడిచి జేబులో పెట్టుకొని ఊరి బస్సుకు నడిచాడు. బల్ల మళ్ళీ ఖాళీ.

మధ్యాహ్నం జానయ్య రాగానే ఆమె ఆ గది చూపించింది.

"గామెనా? ఎన్క ఒక్క జీవం లేదు. గామె ఏం వకీలే?"

"మేసినయి ఇంటికి పోయినై. నువ్వు పొట్టేలును చూస్తివి, మంద మేసిందా లేదా చూడకపోతివి. గీ సారు మందల ఒక్కదాని కడుపన్న నిండిందా? పోయి అడుగు, మన కాయిదాలు సదివిండేమో."

జానయ్యకు రోషం వచ్చింది. నేరుగా పురుషోత్తం వకీలు ఎదుటికి పోయాడు. "సారూ, నా పని ఎందాక వచ్చింది?"

వకీలు అతనిని పైనుండి కిందికి చూశాడు. "నీది గట్టు కొట్లాట గదా?"

"కాదు సారు. చెలక కొనుడు. కాయిదాలు జూడుమంటి."

"ఆఁ, కొనుడు! ఫికర్ చెయ్యకు. దానికి ఒక వాయిదా తీసుకుందాం."

కేసే లేనిదానికి వాయిదా ఏమిటో జానయ్యకు అర్థం కాలేదు. కానీ ఆ మాట విని వెనుకనున్నవారంతా తృప్తిగా తల ఊపారు. ఒకేసారి, ఒకే తీరుగా, మెడలు కిందికీ పైకీ. ఆ తలలు ఊగడం చూసేసరికి జానయ్య గుండె ఝల్లుమంది. అటువంటి తల ఊపులు అతనికి దొడ్డిలో నిత్యమూ కనిపించేవే. ఇంకా వకీలు సంకలోనే ఉన్న తన కాగితాలను మెల్లగా లాక్కున్నాడు. వకీలు గమనించనే లేదు.

ఉమారాణి కాగితాలు మొదటి నుండి చివర దాకా చదివింది. చదువుతుంటే జానయ్య తలుపు వైపే చూస్తున్నాడు, ఒక్కరైనా వస్తారేమోనని.

"తాతా, గీ భూమి నరసింహ బాపుదే గదా? ఆయన సచ్చిపోయినంక వచ్చింది. మరి నరసింహకు తోడబుట్టినోళ్ళు ఉన్నరా?"

"ఒక్క చెల్లె ఉంది మేడం. నర్సింగమ్మ. హుజూర్‌నగర్ దిక్కు ఇచ్చిండ్రు."

"పాసుబుక్కు అన్న పేరు మీద ఉన్నా, బాపు ఆస్తిల ఆమెకు గూడ పాలున్నది. ఆమె వచ్చి సంతకం పెట్టాలె, ఆమె పాలు ఆమెకు ముట్టాలె. లేకుంటే కొనకుండ్రి. రేపు కోర్టుకు వస్తరు, మళ్ళ నా ఎన్కనో ఇంకొకల ఎన్కనో తిరుగుతరు."

తిరగడమనే మాటకు జానయ్య ఉలిక్కిపడ్డాడు.

సత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆమె అన్న మొకమే చూడది మేడం. కన్న అవ్వ పోయినంక నరసింహ ఒక్కపారి గూడ ఒడిబియ్యం పోయలే. ఆడిబిడ్డకు గా కోపం ఎట్ల పోతది?"

"మరి ముందు గా పని చెయ్యుమనుండ్రి" అన్నది ఉమారాణి. "గని ఒక్క మాట. సంతకం కోసం బియ్యం పోసినట్టు ఉండొద్దు. గా రోజు కాయిదం మాట ఎత్తకుండ్రి."

నరసింహ మొదట ఎగిరిపడ్డాడు. "చెలక అమ్మెతందుకు చీర కొనాల్నా? గీ వకీలును యాడ పట్టిండ్రు?" అన్నాడు. సత్తమ్మ అతనిని గుమ్మంలో నిలబెట్టి, తల్లి పేరెత్తి, ఆమె ఉన్నప్పుడు ఆడబిడ్డకు ఒడి ఎలా నింపేదో చెప్పింది. అతని గొంతు తగ్గింది. ఆ వారమే బియ్యం, పసుపు, కుంకుమ, చీర, పోకలు, ఖర్జూరాలు సిద్ధమయ్యాయి. నరసింహ జానయ్య దంపతులను కూడా వెంట తీసుకొని హుజూర్‌నగర్ బస్సెక్కాడు.

నర్సింగమ్మ వారిని చూసి మొదట తలుపు సగమే తెరిచింది. తరువాత నీళ్ళిచ్చింది. ఆపైన పీట వేసింది. అత్త లాంటి సత్తమ్మ పక్కన నిలబడి చెబుతుండగా నరసింహ ఒడిలో బియ్యం పోశాడు. "అవ్వ యాదికొచ్చింది" అన్నాడు. నర్సింగమ్మ కొంగు తడిసింది.

అందరూ అలా కరిగి ఉన్న సమయంలో, జానయ్య గొంగడిలో ఏదో సవరించుకోవడం సత్తమ్మ కంటబడింది. కాగితం కొస.

"తెచ్చినవా? మేడం వద్దంటే ఇనలేదా?" అని పళ్ళ మధ్యనుండి అన్నది.

"గొంగడా? ఊకె తెచ్చిన. చలికి" అన్నాడు జానయ్య. ఎండాకాలం.

నర్సింగమ్మ కూడా ఆ కొసను చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకొని లేచి, అన్న వైపు తిరిగింది. "ఏం కాయిదం అన్నా? చెలకదా? ఊరంతా చెప్పుకుంటుండ్రు. యాడ పెట్టాలె సంతకం?"

"గిప్పుడు వద్దు బిడ్డా. రిజిస్ట్రీ రోజు వస్తే చాలు" అన్నది సత్తమ్మ సిగ్గుతో.

"వస్త. గని అన్నా, బియ్యం పోసినవని నా పాలు ఇడిచిపెడుతనని అనుకోకు. బియ్యం ఒడిల, పాలు చేతిల."

నరసింహ నవ్వాడు, ఏడుస్తూనే. నెలాఖరుకు ముందే మండల ఆఫీసులో రిజిస్ట్రీ అయింది. అన్న పక్కన చెల్లెలు నిలబడి సంతకం పెట్టింది. ఆ సాయంత్రం జానయ్య మంద తన సొంత చెలక మీదుగా వాగుకు దిగి కడుపునిండా నీళ్ళు తాగింది.

కృతజ్ఞత చెప్పడానికి జానయ్య మళ్ళీ కోర్టుకు వెళ్ళాడు. దారిలో ఫక్రుద్దీన్ కనిపిస్తే చెవిలో మొత్తం కథ ఊదాడు. ఫక్రుద్దీన్ ఒక్క క్షణం ఆలోచించి, పురుషోత్తం వకీలు వెనుకనుండి పక్కకు జరిగి, ఉమారాణి గది వైపు నడిచాడు. వెనుకవాడు అటు చూశాడు. వాడి వెనుకవాడూ చూశాడు. చూస్తుండగానే సంచులు, గొడుగులు, మనుషులు అందరూ ఫక్రుద్దీన్ వెంట మళ్ళారు. పురుషోత్తం వకీలు చాయ్ బండి దగ్గర ఆగి, జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగి చూసి, ఒంటరిగా చాయ్ తాగాడు.

ఉమారాణి బల్ల నిండిపోయింది. అది చూసి జానయ్య గుండె జారింది. ఇంటికి వచ్చి భార్యతో, "సత్తీ, ఇగ గామె గూడ చెడిపోయినట్టేనే. ఎన్క మంద పడ్డది" అన్నాడు.

"రేపు పొద్దుగూకంగ పోయి చూడు" అన్నది సత్తమ్మ. "బల్ల ఖాళీ అయితే మంచి వకీలే."

ఈ కథ విన్నవారి భూములకు హద్దులు నిలుచుగాక. వారి ఆడబిడ్డల ఒడులు అడగకముందే నిండుగాక. వారికి దొరికిన వకీలు వారిని తొందరగా ఇంటికి పంపుగాక. వారి పశువులకూ, వారికీ నీళ్ళ దారి ఎన్నడూ మూసుకోకుండుగాక.