ఫాబ్రీసియో పేరున వచ్చిన విందు

ఏప్రిల్ మొదటి వారంలో తునుయాన్ అనే ద్రాక్షతోటల ఊళ్ళో యమీలా వాళ్ళింటికి ఒక కార్డు వచ్చింది. "శ్రీ ఫాబ్రీసియో బారొసో గారికి, కుటుంబ సమేతంగా" అని నల్లసిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసి ఉన్నాయి దానిమీద. ద్రాక్షకోత ముగిశాక ఏటా తమ దగ్గర పనిచేసేవాళ్ళలో నలుగురి కుటుంబాలను, వైన్ తయారుచేసే వైనరీ వాళ్ళు తమ హోటల్లో మధ్యాహ్న భోజనానికి పిలుస్తారు. వంతుల ప్రకారం పిలుపు. ఈ ఏడు వంతు యమీలా భర్త ఫాబ్రీసియోది. అతను పోయి పదమూడు నెలలైందని ఆ కార్డులు రాసే గుమాస్తాకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"చింపి పొయ్యిలో పడెయ్యమ్మా," అన్నాడు మామగారు అన్సెల్మో.

యమీలా చింపలేదు. కార్డును చిరిగిపోయిన పాత కేలండరు పక్కన గోడకు గుచ్చింది. రెండు రోజులు దాన్ని చూస్తూ వంట చేసుకుంది. మూడో రోజు చెప్పింది. "వెళ్దాం మావయ్యా."

"నీకేమైనా మతి పోయిందా? వాణ్ణి మింగిన గడప అది!"

"ఏడాదిగా వాళ్ళు పంపిన ప్రతి కాగితంలోనూ ఆయన్ని 'మృతుడు' అనే రాశారు. 'మృతుడి భార్య', 'మృతుడి సంతకం'. పూర్తి పేరు రాసింది ఇదొక్కటే. ఆయన వంతు మావయ్యా, ఇంకొకరికి ఎందుకు పోవాలి?"

"నేను రాను."

"అయితే పిల్లనెత్తుకుని నేనొక్కదాన్నే వెళ్తాను. చంటిదాన్ని చంకనేసుకుని ఒంటరిగా వచ్చిందని నలుగురూ నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంటారు. మీకు అదే ఇష్టమైతే ఉండండి."

ముసలాయన గొణుక్కుంటూ వెళ్ళి, పెళ్ళిళ్ళకు తొడిగే నల్లకోటును ఎండలో వేశాడు.

అన్సెల్మో నలభై ఏళ్ళు ద్రాక్షతోటల్లోనూ వైన్ గిడ్డంగుల్లోనూ బతికాడు. కొడుక్కి పని నేర్పింది ఆయనే. ట్యాంకులోంచి రసం తోడేశాక అడుగున మిగిలిన పిప్పిని పారతో ఎత్తిపోయాలి. అందుకు మనిషి లోపలికి దిగాలి. ద్రాక్ష పులిసేటప్పుడు పుట్టే గాలి కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు, బావిలో నీళ్ళలా అడుగున పేరుకుని ఉంటుంది. అందుకని దిగేముందు కొవ్వొత్తిని తీగకు కట్టి లోపలికి దించి చూడాలి. "మంట ఆరిందంటే మనిషీ ఆరిపోతాడు" అని పదేళ్ళప్పటి నుంచీ కొడుకు చెవిలో నూరిపోశాడు. ఇప్పుడు గాలిని కొలిచే మిషన్లు వచ్చాయి గాని, ఆ రోజు మిషను పనిచేయలేదు. ఇద్దరు మనుషులు ఏ పరీక్షా చేయకుండా అజాగ్రత్తగా దిగారనీ, ఒకడు బతికాడనీ, ఒకడు పోయాడనీ వైనరీ వాళ్ళు కాగితం రాశారు.

ఆ కాగితం చదివించుకున్న రోజు నుంచి అన్సెల్మో కొడుకు పేరెత్తలేదు. కొడుకు పోయాడన్నది ఒక ఏడుపైతే, చెప్పిన ముక్క మరిచిపోయి పోయాడన్నది అంతకు మించిన ఏడుపు. మనవరాలు రోసీయో పుట్టినప్పుడు కూడా "తండ్రి పోలికే" అని ఊరంతా అంది. ఆయన మాత్రం పిల్లను ఎత్తుకుని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆదివారం బస్సు దిగి, పోప్లార్ చెట్ల నీడన కాలువ గట్టు వెంబడి నడిచారు. అక్కడ ఏప్రిలంటే ఆకురాలే కాలం, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. వడగళ్ళకు అడ్డంగా కట్టిన వలలను తోటల మీంచి అప్పుడే చుట్టేశారు. కొండల మీద ఆ ఏటి తొలి మంచు పడింది. పదకొండు నెలల రోసీయో తాత టోపీ లాగి కాలువలో పారేయాలని దారి పొడుగునా యుద్ధం చేసింది.

హోటలు గుమ్మంలో ఒక అమ్మాయి కార్డు చూసి నవ్వింది. కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లకు ఎత్తు కుర్చీ తెప్పించింది. బల్ల మీద ముగ్గురు పెద్దవాళ్ళకు పళ్ళేలు పెట్టి ఉన్నాయి.

"ఫాబ్రీసియో గారు కారు పెట్టి వస్తున్నారా అమ్మా?"

"రారు," అంది యమీలా.

"ఆలస్యమవుతుందంటే వంటింట్లో కాసేపు ఆగమని చెప్తాను, ఫర్వాలేదు."

"రారమ్మా. వడ్డించమనండి."

ఆ అమ్మాయి మూడో పళ్ళెం తీయాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అలాగే వదిలేసి వెళ్ళింది. అన్సెల్మో దాన్ని చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

చుట్టూ బల్లల దగ్గర దూరదేశాల వాళ్ళు గ్లాసులు ఎత్తి వెలుగులో చూసుకుంటూ, వాసన పీలుస్తూ, మెల్లగా మాట్లాడుకుంటున్నారు. గుడిలోలా ఉంది. ఆ నిశ్శబ్దం రోసీయోకు నచ్చలేదు. చెంచాతో కుర్చీ పలకను దబదబా బాదింది. ముత్యాల దండ వేసుకున్న ఒక పెద్దావిడ కళ్ళెత్తి చూసింది.

"బాదు తల్లీ, బాదు. ఇక్కడ మనుషులున్నారని తెలియాలిగా," అన్నాడు అన్సెల్మో.

మొదటి పళ్ళెం వచ్చింది. దాని నడిమధ్యన కజ్జికాయలా మాంసం కూరి చేసిన బొటనవేలంత ఎంపనాదా ఒకటి, పక్కన పచ్చటి చుక్కలు మూడు.

"పళ్ళెం బండిచక్రమంత, కూడు గోరంత. మీ అత్త బతికుంటే ఈ వంటవాణ్ణి చీపురుతో కొట్టేది."

యమీలాకు నవ్వొచ్చింది. ఏడాదిలో ఆయన చేసిన మొదటి హాస్యం అది. ముసలాయన అంతటితో ఆగక, ఖరీదైన రెడ్ వైన్ పోసిన గ్లాసులో ఒంపుకోవడానికి సోడా సీసా కావాలని అడిగాడు. పోసినవాడు బిత్తరపోయాడు. "నువ్వు పుట్టకముందు ఈ తీగలు నాటినవాణ్ణి నేను. సోడా పట్రా," అన్నాడు అన్సెల్మో. అతను మారుమాట్లాడకుండా తెచ్చిచ్చాడు.

గుమ్మడికాయ సూపు వచ్చింది. పిల్లకు అది బాగా నచ్చి, సగం తిని సగం పూసుకుంది. తర్వాత నిద్రమత్తుకి రాగం తీసింది. యమీలా శాలువా కప్పుకుని పాలు పట్టసాగింది. సరిగ్గా అప్పుడే కాల్చిన మేకపిల్ల మాంసం పట్టుకుని ఇంకో వడ్డన మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, బక్కపలచటి మనిషి. యమీలా ముఖం చూడగానే అతని చేతిలో పళ్ళెం వాలింది, మాంసం రసం తెల్లటి బల్లగుడ్డ మీద ఒలికింది.

ముందు అన్సెల్మోయే గుర్తుపట్టాడు.

"నువ్వు ఎలిసేయోవి కదూ?"

"అవునండీ."

"బతికినవాడివి."

ఎలిసేయో తలవంచుకున్నాడు. యమీలా అతణ్ణి తన పెళ్ళిలో ఒక్కసారే చూసింది. అప్పుడు లావుగా, బుగ్గలు ఎర్రగా ఉండేవాడు.

"నా కొడుకుని మట్టిలో పెట్టిన రోజు ఊరంతా వచ్చింది. నువ్వు రాలేదు," అన్నాడు ముసలాయన. గొంతు పెంచలేదు గాని, ముత్యాల దండావిడ మళ్ళీ చూసింది.

"ఆసుపత్రిలో ఉన్నాను పెద్దాయనా. తర్వాత వచ్చాను. మీ గేటు దాకా నాలుగుసార్లు వచ్చాను. ఒకసారి మీరు చెట్లకు నీళ్ళు పెడుతున్నారు. ఇంకోసారి లోపల పిల్ల ఏడుపు వినబడింది. కాళ్ళు లోపలికి రాలేదు."

అంతలో శాలువా కిందినుంచి రోసీయో చెయ్యి బయటికొచ్చి, బల్ల అంచున ఉన్న చెంచాను కింద పడేసింది. దాన్ని తీయడానికి ఎలిసేయో వంగాడు. తీశాడు గాని లేవలేదు. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయి, పెద్ద వడ్డనవాడు చూస్తున్నాడేమోనని ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆ రోజు పరీక్ష చేయకుండా దిగింది నేనొక్కణ్ణే. తొందరగా ముగించుకుని పోదామని దిగాను. నాలుగు పారలు ఎత్తానో లేదో మోకాళ్ళు పట్టు తప్పాయి. కూలబడ్డాను. నోరు పెగల్లేదు గాని కళ్ళు తెరిచే ఉన్నాయి. పైన మూత దగ్గర ఫాబ్రీసియో ముఖం కనబడింది. నన్ను పిలిచాడు. తర్వాత తీగ మీద కొవ్వొత్తి దిగుతూ వచ్చింది."

అన్సెల్మో చేతిలోని ఫోర్కు ఆగిపోయింది.

"కొవ్వొత్తి దించాడా?"

"దించాడు. నా తలపైకి రాకముందే ఆరిపోయింది."

"వాడు చూశాడా? ఆరిపోవడం వాడు చూశాడా?"

"చూశాడు పెద్దాయనా. తీగ వదిలేశాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని దిగాడు. నన్ను భుజాన వేసుకుని నిచ్చెన మీదికి తోశాడు. కేక విని వచ్చినవాళ్ళు పైనుంచి నా చేతులు అందుకున్నారు. ఆయన చెయ్యి అందుకోవడానికి మళ్ళీ వంగేసరికి..." ఎలిసేయో చెంచాను బల్ల మీద పెట్టాడు. "ఆసుపత్రి మంచం మీద కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఇద్దరం చూసుకోకుండా దిగామని రాసుంది. పెట్టాను. ఇక గిడ్డంగి పని వద్దులే అని ఇక్కడ వడ్డనలో వేశారు. అన్నీ తెలిసే పెట్టాను పెద్దాయనా."

అన్సెల్మో రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు ఊగిపోయాయి. "మరిచిపోలేదు. నా కొడుకు మరిచిపోలేదు," అంటున్నాడు వేళ్ళ సందుల్లోంచి.

యమీలా కళ్ళలో నీళ్ళు రాలేదు. పిల్ల పాలు తాగుతూనే ఉంది.

"అంటే, తెలిసే దిగాడు," అంది.

"అవును వదినా."

"అప్పుడు నాకు ఏడో నెల."

ఎలిసేయో లేచి, మరకపడ్డ చోట తెల్లటి రుమాలు పరిచి, వంటింటి వైపు వెళ్ళిపోయాడు. మిగతా పళ్ళేలు ఇంకెవరో తెచ్చారు. అన్సెల్మో అన్నీ తిన్నాడు. ఏడుస్తూనే మాంసం తిన్నాడు, జున్నుతో తీపి పండుముద్ద తిన్నాడు, రొట్టెతో పళ్ళెం తుడుచుకుని తిన్నాడు. ఏడాది ఆకలి ఒక్కపూటలో తీర్చుకుంటున్నట్టు తిన్నాడు. యమీలా ముద్ద ముట్టలేదు. నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని బయటికి నడిచి, కోసేసిన ద్రాక్ష వరసల మధ్య నిలబడింది.

తిరుగు బస్సులో ముసలాయన నోరు మూయలేదు. మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని తండ్రి చిన్నప్పుడు కాలువలో కప్పలు పట్టిన కథలు, బడి ఎగ్గొట్టిన కథలు నిద్రలో ఉన్న పిల్లకే చెప్పుకుపోయాడు. చివరికి కోడలి వైపు తిరిగాడు.

"విన్నావా తల్లీ? వాడు మరిచిపోలేదు!"

"మరిచిపోయుంటేనే బాగుండేది మావయ్యా."

ఆయన ఒళ్ళోని పిల్లను దగ్గరికి లాక్కున్నాడు.

"మరిచిపోయి పోయాడనుకుంటే పాపం అనుకుని ఏడ్చుకున్నాను," అంది యమీలా కిటికీ వైపే చూస్తూ. "ఇప్పుడేమనుకోను? అక్కడ ఆ ఎలిసేయో, ఇక్కడ మేమిద్దరం. రెండూ చూసుకుని వాడి వైపు దిగాడు. మీకు కొడుకు తిరిగొచ్చాడు మావయ్యా. నాకు మళ్ళీ పోయాడు."

ఇంటికొచ్చాక చాలా రోజులు ఇద్దరి మధ్యా వంటకీ పిల్లకీ పనికొచ్చే మాటలే నడిచాయి. ఎలిసేయో వైనరీ ఆఫీసుకు వెళ్ళి, తన సంతకం అబద్ధమని, జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు. వారం తిరక్కముందే వడ్డనకు రావద్దన్నారు. చుట్టుపక్కల చిన్న తోటల్లో కొమ్మలు కత్తిరించే పనికి కుదురుకున్నాడు. ఆదివారాలు అన్సెల్మో దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఎండలో కూర్చుని మాతే ఆకుల వేడి కషాయం తాగేవాళ్ళు. అతను గేటు తీసిన చప్పుడు వినగానే యమీలా పిల్లను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. అతను ఎన్నడూ ఆమెను పిలవలేదు. అన్సెల్మో కూడా రమ్మనలేదు.

జులై ఆఖరులో, నడిచలికాలంలో, ఒక ఆదివారం కొండల మీంచి పొడి వేడిగాలి దిగింది. ఊరంతా దుమ్ము. అన్సెల్మో లోపల తలనొప్పితో పడుకున్నాడు. ఎలిసేయో వచ్చి, ఎవరూ కనబడక, వసారాలో మెట్టు మీద కూర్చున్నాడు. యమీలా తలుపు తీసింది. గుమ్మం దాటకుండా నిలబడింది.

"ఒక్కటి అడుగుతాను. ఆయన ఏమైనా అన్నాడా?"

ఎలిసేయో లేచి నిలబడ్డాడు.

"అన్నాడు వదినా. పెద్ద మాటేమీ కాదు."

"ఏమన్నాడు?"

"నన్ను భుజాన వేసుకుంటున్నప్పుడు, 'ఎంత బరువున్నావురా, లావుగొడ్డూ' అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు."

యమీలాకు ఆ గొంతు చెవిలో వినబడింది. ఏ మంచం జరిపినా, ఏ మూట ఎత్తినా పళ్ళు బిగించి అలాగే తిట్టేవాడు. ఏడో నెలలో తనను మంచం మీంచి లేవదీస్తూ కూడా అదే మాట అన్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వే మోకాళ్ళ మీద కూలబడేంత ఏడుపైంది. పదమూడు నెలలు దాటి మరో మూడు నెలలు, తను నిజంగా ఏడవలేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఎలిసేయో దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. దుమ్ములో నిలబడి తనూ ఏడ్చాడు.

లోపల రోసీయో లేచి గోల మొదలుపెట్టింది. యమీలా ముంజేతితో ముఖం తుడుచుకుంది.

"లోపలికి వచ్చి కూర్చో. బయట గాలి బాగాలేదు," అని, పిల్లను ఎత్తుకోవడానికి వెళ్ళింది.