పొయ్యి చూసినవాళ్లే ముందు తాగాలి

చలికాలం వచ్చిందంటే యున్నాన్ కొండల్లో మోకాళ్లు పట్టేయని ముసలాళ్లు ఉండరు, వసనాభి అనే విషపు దుంపలు ఉడకని పొయ్యీ ఉండదు. పంది కాళ్లతో కలిపి తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా కాస్తే ఆ చారు ఒంట్లో చలిని వదిలిస్తుంది. సరిగా ఉడక్కపోతే ప్రాణాన్నే వదిలిస్తుంది. మంట ఆరకూడదు. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి, చన్నీళ్ల చుక్క పడకూడదు. అక్కడ పాలుతాగే పిల్లలు తప్ప ఈ సంగతి ఎరగనివాళ్లు లేరు.

దువాన్ వారి కోడలు సుయిన్‌కి తెలియకనా? తెలిసే చన్నీళ్లు పోసింది. చంటివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పాలివ్వడానికి గదిలోకి వెళ్లి, వాడితోపాటు తనూ కునుకు తీసింది. వచ్చి చూస్తే పొయ్యిలో బూడిద, కుండలో చారు అడుగంటడానికి సిద్ధంగా ఉంది. కెటిల్లో వేడినీళ్లు లేవు. ఇంతలో సంత నుంచి వస్తున్న అత్తగారి దగ్గు గుమ్మం దగ్గర వినబడింది. ఆ దువాన్ ముసలమ్మ నోటికి ఊరంతా జడుస్తుంది. సుయిన్ చెయ్యి దానంతటదే చన్నీళ్ల జాడీ మీదకి పోయింది. మంట ఎగదోస్తూ, ఇంకాసేపు మరిగితే అదే సర్దుకుంటుందిలే అనుకుంది. భయం వేసే లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి.

పొద్దుగూకాక అందరూ బల్ల దగ్గర చేరారు.

"తొందరగా పొయ్యండే. ఈ మోకాళ్లు నాకంటే ముందే కాటికి పోయేలా ఉన్నాయి," అన్నాడు మామగారు.

"ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అనలేదు. పొయ్యి చూసినవాళ్లు ముందు తాగాలి. వాళ్ల నాలుక తిమ్మిరెక్కకపోతే అప్పుడు మనం." ముసలమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమే, మంట ఆరలేదు కదా?"

"లేదత్తయ్యా."

"చన్నీళ్లు?"

"పడలేదు."

సుయిన్ గిన్నె ఎత్తింది. కొంచెమే చప్పరించి చూద్దాం అనుకుంది. గిన్నె పెదవులకు తగలకముందే అత్తగారు లాగేసుకుంది.

"ఇటు తే. పాలిచ్చే తల్లివి, నీకెందుకీ వేడి? నీ వంతు నేను తాగుతా. ఏడిచావులే, గుడ్లప్పగించి చూడకు. నా మనవడి కోసం, నీ కోసం కాదు."

గటగటా తాగేసింది. అత్తయ్యా అని అరవాలనుకుంది సుయిన్. అబద్ధం బయటపడుతుందన్న సిగ్గు అప్పటికి కూడా చావు కన్నా పెద్దదిగా కనబడింది ఆ పిచ్చిదానికి.

"ఉప్పు తక్కువైంది," అంది ముసలమ్మ మూతి తుడుచుకుంటూ. ఏవేవో సంత కబుర్లు చెప్పుకొచ్చింది. కాసేపటికి మాట ఆపి పెదవిని వేలితో తడుముకుంది. మళ్లీ తడుముకుంది.

"చన్నీళ్లు పోశాను," అంది సుయిన్.

మామగారు మోకాళ్ల సంగతే మరిచిపోయి, పొరుగింటి ట్రాక్టరు కోసం కేకలు పెడుతూ వీధిలోకి పరుగెత్తాడు. సుయిన్ చెవులు తిట్ల కోసం ఎదురుచూశాయి. తిట్లు రాలేదు. చల్లబడుతున్న చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ముందే చెప్పకపోయావా, పిల్లా," అంది ముసలమ్మ, నాలుక మొద్దుబారి మాట ముద్దవుతుంటే. "ఏం చేసేదాన్ని? తిట్టేదాన్ని. అంతేగా."