ఏడాది తిరక్కుండానే కొండకు

మా మాదేశ్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదని మా వాళ్లలో ఆచారం. నేను లక్ష్మమ్మాళ్‌ని, మాదేశ్ తల్లిని. కామెర్లు వచ్చి కన్నకొడుకు నా కళ్ల ముందే పోయాడు. ఆచారాల గురించి నాకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. అయినా చెప్పడానికి వచ్చారు.

అసలు సంగతి నా కోడలు ముత్తుసెల్వితో మొదలైంది. మేము సెల్వి అంటాం. నల్లంపల్లిలో హైవే పక్కన కడుతున్న బిల్డింగుకు చిత్తాళుగా పోతుంది, అంటే మేస్త్రీలకు ఇటుకలూ సిమెంటూ అందించే పని. మొగుడి కర్మ అయిన మర్నాడే పనిలోకి పోయింది. ఇల్లు గడవాలి కదా, ఎవరూ వద్దనలేదు. అప్పటినుంచి ఇంట్లో దాని గొంతు వినబడటం తగ్గిపోయింది. అడిగితే ఊఁ అంటుంది, పెడితే తింటుంది. అలాంటిది ఒక సాయంత్రం పెరట్లో చేతులకు అంటిన సిమెంటు రుద్ది కడుక్కుంటూ, "అత్తా, వచ్చే ఆదివారం ఆ హరూరు కొండమీదికి పోయొస్తాను" అంది.

హరూర్ అవతల కొండ అంచున ప్రభుత్వంవాళ్లు కొత్తగా టూరిస్టు సెంటర్ ఒకటి కట్టారు. అద్దాల గది, దూరంలో ఉన్నవి దగ్గరగా చూపించే దుర్భిణి, కొండపల్లెల వాళ్లు సామలు, తేనె అమ్ముకునే అంగడి, లోయంతా కనబడేలా, పడిపోకుండా చుట్టూ ఇనప కమ్మీలు కట్టిన మెట్ట. మా వీధిలో సగం మంది పోయి ఫోటోలు దిగి వచ్చారు. మాకే పోయే యోగం పట్టలేదు.

"సరే, నేనూ వస్తా" అన్నాను. ఎందుకు వద్దనాలి? నెలల తరబడి ఫలానాది కావాలని అడగని మనిషి ఇప్పుడు నోరు తెరిచి ఒకటి అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఏర్పాట్లన్నీ నావే. సెల్వి కూతురు, మా పాప కలైసెల్వి ఫోనులో చూసి చెప్పింది. ఆ సెంటరుకు మంగళవారం సెలవు, ఆదివారం జనం ఎక్కువ కాబట్టి పొద్దున్నే చేరుకోవాలి, ప్లాస్టిక్ సీసాలు చెక్‌పోస్టు దగ్గరే లాగేసుకుంటారు. ధర్మపురి బస్టాండులో హరూర్ బస్సు ఎక్కి, అక్కడ దిగి కొండ జీపు పట్టుకోవాలి. నేను పులిసాదం, అదే పులిహోర, కడతానన్నాను, పాప బిరియాని కావాలంది. చావింట్లో బిరియానీయా అని అనబోయి నోరు మూసుకున్నాను.

ఈ మాట అంజప్ప చెవిన పడింది. అంజప్ప నా మరిది, మా సొందాల్లో, అంటే బంధువుల్లో, మంచికీ చెడుకూ ముందు నిలబడే పెద్దమనిషి. శుక్రవారం సాయంత్రం వచ్చి, తువ్వాలు దులిపి అరుగు మీద కూర్చున్నాడు.

"విన్నది నిజమేనా వదినా?"

"నిజమే. నువ్వూ రా, జీపులో చోటుంటుంది."

"ఎగతాళి వద్దు. ఏడాది తిరక్కుండా కొండెక్కినోళ్లు మన సొందంలో ఎవరైనా ఉండారా?"

"ఆ కట్టుబాటు సామి ఉండే కొండకు. అక్కడ సామి యాడుండాడు? టీ అంగడి ఉంది, కక్కూసు ఉంది. దేనికి మైల పడుతుంది?"

"కొండ కొండే వదినా. నాలుగు మంది ఏమనుకుంటారు? మొగుడు పోయిన పిల్ల ఊర్లు తిరిగి ఫోటోలు తీసుకుంటా ఉందంటారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ నాలుగు మందినీ నా ముందుకు రమ్మను. మాదేశ్ ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఎట్లుండాడని ఒక్కరూ వచ్చి అడగలేదు. మీ అన్న పోయినప్పుడు నేను ఏడాదిపొడుగునా గడప దాటలేదు, ఏం ఒరిగింది? ఇప్పుడు పోయింది నా కొడుకు. ఎట్ల ఏడవాలో నాకు నేర్పించొద్దు."

అంజప్ప లోపల బియ్యం కడుగుతున్న సెల్వి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"కోపం చేసుకోవద్దు వదినా. అసలు మాట వేరే ఉంది. ఆ పిల్ల నవ్వదు, మాట్లాడదు అని నువ్వే చెప్పినావు. ఇన్ని నాళ్లకు నోరు తెరిచి ఏమడిగింది? కొండ మొన, ఆ అంచు. నాకు దిగులుగా ఉంది. ఆచారమని చెప్పేది దాన్ని ఆపేదానికే."

ఆచారాన్నయితే ఎంతసేపైనా తిట్టగలను. ఈ మాటను ఏమని తిట్టను? కొడుకును పంపించిన దాన్ని, కోడల్ని కూడా పోగొట్టుకుంటానేమోనని భయం పట్టుకుంది. నా ధైర్యమంతా అక్కడితో సరి.

"సెల్వీ, ఏడాది అయినాక పోదాంలే" అని లోపలికి కేక వేశాను. "ఇప్పుడు ఎండలు జాస్తి."

సెల్వి తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"నేను దూకుతానని భయమా అత్తా?"

చేతులు చీరకు తుడుచుకుని అంజప్ప వైపు తిరిగింది.

"చిన్నమామా, నేను పని చేసేది నాలుగో అంతస్తులో. అక్కడ ఇంకా గోడ లేదు, కమ్మీ లేదు. ఆ మొన మీద నిలబడి రోజంతా ఇటుకలు అందుకుంటా ఉండాను. ఏడాది తిరగలేదని మీరెవరూ అడ్డం రాలేదు. దూకుతుందేమో, జారి పడుతుందేమో అని ఎవరికీ దిగులు పుట్టలేదు. కూలికి ఎక్కితే లేని భయం, చూసేదానికి ఎక్కితే వచ్చిందా?" గొంతు పెంచలేదు, కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. "చచ్చేదానికైతే నేను హరూరు దాకా బస్సెక్కి పోవాల్నా? ఆ అంతస్తు నుంచి రోజూ ఆ కొండ కనిపిస్తుంది. తలమీద బరువు లేకుండా ఒక్కసారి ఎత్తుకు ఎక్కి ఊరికే నిలబడాలని ఉంది. అంతే."

నాకు దాని ముఖం చూడటానికి సిగ్గేసింది. ఇన్ని నెలలూ పొద్దున్నే సద్ది కట్టి ఆ మొన మీదికి పంపింది నేనే. ఎన్నో అంతస్తులో పని అని ఒక్కరోజు కూడా అడగలేదు.

"ఆదివారం నువ్వూ పాపా పోయి రండి" అన్నాను. "నేను రాను. వస్తే కాపలాకు వచ్చినట్టుంటుంది."

అంజప్ప ఏదో అనబోయాడు.

"నువ్వు ఊరుకో అంజప్పా. సోమవారం నేను ఆ బిల్డింగు కాడికి పోతా ఉండాను. కమ్మీ కట్టేదాకా మా పిల్ల పైకి ఎక్కదని ఆ మేస్త్రీతో చెప్పాల. పెద్దమనిషివి గదా, నీ దిగులు అక్కడికొచ్చి చెప్పు."

అంజప్ప తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దాకా పోయి ఆగి, సోమవారం ఎన్ని గంటలకు రమ్మంటావని అడిగాడు.